ఇంటికి పోతే చచ్చే బ్యాటరీ

ఆటో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటామని వచ్చేవాళ్ళందరూ నన్ను ముందు అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఏ మీటర్ కొనాలె?" కరెంటు కొలిచే మీటర్ ఏదో ఒకటి కొనుక్కోమంటాను. దానికంటే ముందు కస్టమర్‌తో కూర్చుని చాయ్ తాగడం నేర్చుకోమంటాను. వాళ్ళు మొహమొహాలు చూసుకుని నవ్వుతారు. పని మానేశాక ఈయనకు చాదస్తం పట్టుకుందని అనుకుంటారు కాబోలు. అనుకోనీ. చాదస్తం నాకు పని మానేయకముందు నుంచే ఉంది.

నా పేరు జంగయ్య. శంషాబాద్‌లో, కొత్తూరు వైపు పోయే దారిలో, హైవే పక్కన నా షాపు. ఇప్పుడు మా మేనల్లుడు నడుపుతున్నాడు. నేను పొద్దున్నే పేపర్ చదవడానికి వెళ్తాను. వెళ్ళి ఊరుకోను కదా, వాడి పనిలో వేలు పెడతాను. వాడు నన్ను చాయ్ తెమ్మని పంపించేస్తాడు.

ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన జబ్బు ఒకటుంది. బండి నిలబెట్టి ఉంటుంది. తాళంచెవి తీసేసి ఉంటుంది. ఏ లైటూ వెలగదు, ఏ హారనూ మోగదు. అయినా తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. ఎక్కడో ఒక చోట నుంచి కరెంటు కారిపోతూ ఉంటుంది, ఎక్కడో తెలియదు. ఇంజన్ మెకానిక్కులకు ఒళ్ళంతా ఆయిల్ అంటుతుంది గానీ ఈ సరదా వాళ్ళకు లేదు. మాది దొంగను పట్టుకునే పని. దాని గురించి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. ఏ పుస్తకంలోనైనా దొరికే విషయాలు వదిలేస్తున్నాను.

ఉస్తాద్ మీసం

నాకు పని నేర్పినవాడు యూసుఫ్ ఉస్తాద్. బస్టాండ్ దగ్గర రేకుల షెడ్డులో ఆయన షాపు ఉండేది. బండి వచ్చి ఆగగానే నేను ఉత్సాహంగా దాని మీద పడేవాణ్ణి. ఆయన పానా లాగేసుకునేవాడు. "అరే జంగా, పహెలే చాయ్. పానా తర్వాత" అనేవాడు. వచ్చినాయనను స్టూలు మీద కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి, బండి సంగతి తప్ప లోకంలో ఉన్న సంగతులన్నీ అడిగేవాడు. పని ఎగ్గొట్టడానికి ఇదొక వంక అనుకునేవాణ్ణి.

ఒకసారి కందుకూరు నుంచి ఒక కూరగాయల రైతు వచ్చాడు. బండి నిలబెట్టి ఉన్నా హారన్ దానంతట అదే మోగుతోంది, బ్యాటరీ దిగిపోతోంది. ఉస్తాద్ చాయ్ చేతికిచ్చి ఈసారి ఏం పంట వేశావని అడిగాడు.

"టమాట ఏసిన సాబ్."

"మార్కెట్‌కు ఎట్ల తెస్తవ్?"

"ఎనక గంపలు కడత. ఇగ మిగిలింది సంచులల్ల పోసి హ్యాండిల్‌కు తగిలిస్త."

ఉస్తాద్ నా వైపు చూసి హ్యాండిల్ కింద హారన్ వైరు చూడమన్నాడు. సంచి తాడు రాసుకుని రాసుకుని వైరు పైతొడుగు అరిగిపోయింది. లోపలి రాగి బండి ఇనుముకు తగులుతోంది. ఆ మనిషి చాయ్ సగం కూడా తాగలేదు, రోగం దొరికిపోయింది. నేనైతే ముందు హెడ్‌లైటు ఊడదీసి కూర్చునేవాణ్ణి.

అలాగని ఉస్తాద్ చేసినవన్నీ చేయకండి. ఆయనకు మీటర్ అంటే గిట్టదు. వైరులో కరెంటు ఉందో లేదో చూడాలంటే దాన్ని ఇనుముకు తాకించి నిప్పురవ్వ వచ్చిందా అని చూసేవాడు. ఒకరోజు పెట్రోల్ ట్యాంకు పక్కనే అలా చూశాడు. భగ్గుమంది. మట్టి పోసి ఆర్పేశాం, బండికి ఏమీ కాలేదు. ఆయన మీసం మాత్రం ఒక వైపు పోయింది. రెండో వైపు తీసేయమంటే ఒప్పుకోలేదు. పోయింది పెరిగేదాకా సగం మీసంతోనే చాయ్ తాగాడు. ఆయన మాట వినండి, ఆయన చేతిని అనుసరించవద్దు.

దేవుడికి డ్యూటీ టైములు

విమానాశ్రయం వచ్చాక కొన్నేళ్ళు అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర పని చేశాను. కార్గో షెడ్డు వెనక సామాన్లు లాగే చిన్న ట్రాక్టర్ల బాగోగులు మావి. మా పైన ఒక ఇంజనీరు ఉండేవాడు, ప్రసాద్‌గారు. కోస్తా మనిషి. మెకానిక్కులనూ, కాంటీన్ పిల్లినీ ఒకే మర్యాదతో 'అండి' అనేవాడు. ఉస్తాద్ దగ్గర నాకు అబ్బని విద్య ఈయన దగ్గర అబ్బింది. బ్యాటరీ వైరు విప్పి మధ్యలో మీటర్ పెట్టడం, ఆ తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ చూడడం. ఏ ఫ్యూజు తీసినప్పుడు మీటర్ పడిపోతే ఆ దారిలోనే కరెంటు పోతోందన్నమాట. వినడానికి ఇంతే. చేసేటప్పుడు ఓపిక కావాలి, నాకు ఓపిక నేర్పింది ఆయనే.

అదనంగా ఉంచిన ట్రాక్టర్ ఒకటి ఎప్పుడు అవసరమైతే అప్పుడే మొరాయించేది. మీటర్ పెట్టి, ఫ్యూజులు తీసి, చివరకు డ్రైవర్ సీటు ముందు ఉన్న చిన్న దేవుడి పటం దగ్గరికి చేరుకున్నాం. పటం చుట్టూ చిట్టి చిట్టి రంగు బల్బులు. డ్రైవర్ భక్తిగా వాటిని నేరుగా బ్యాటరీకి కలిపాడు. ట్రాక్టర్ రోజుల తరబడి నిలబడి ఉన్నా దేవుడు వెలుగుతూనే ఉన్నాడు.

డ్రైవర్ తల వంచుకుని నిలబడ్డాడు. బల్బులు పీకేయమంటారని అతనూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ప్రసాద్‌గారు పటం వైపు చూసి, "పీకొద్దండి. ఆ వైరు తాళంచెవి గుండా తిప్పండి. బండి నడిచినప్పుడే వెలుగుతాయి. దేవుడికి కూడా డ్యూటీ టైములు పెడదాం" అన్నాడు. డ్రైవర్ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. బ్యాటరీ కోసం మనిషిని నొప్పించనక్కరలేదని నాకు ఆరోజే తెలిసింది.

ఉస్తాద్ గొప్పా, ఇంజనీరు గొప్పా అని మా షాపులో ఇప్పటికీ వాదన పెడతారు. నన్నడిగితే ఇద్దరూ కావాలి. ఒకాయన మనిషిని చదవడం నేర్పాడు, ఒకాయన మీటర్‌ను చదవడం నేర్పాడు. ఇద్దరి పాఠాలూ ఒక్కసారిగా అవసరమైన బండి నా జీవితంలో ఒకటే వచ్చింది. అది మల్లన్న బుల్లెట్టు.

గోడకెక్కాల్సిన బండి

మల్లన్నది కొత్వాల్‌గూడ. నాకంటే పెద్దవాడు, పాత రోజుల నుంచి స్నేహం. వయసులో ఉన్నప్పుడు కొన్న నల్ల బుల్లెట్టును ఇప్పటికీ అద్దంలా ఉంచుకున్నాడు. హెడ్‌లైటు పైన చిన్న గుండ్రటి అమీటర్ ఉంటుంది. బ్యాటరీలోకి కరెంటు వస్తే ముల్లు ఒక వైపు, పోతే ఇంకో వైపు వాలుతుంది. బ్యాటరీలో దమ్ము లేకపోతే ఆ బండి ఎన్ని కిక్కులు కొట్టినా లేవదు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్ల పెళ్ళి అంటే ఎదురుకోలుకు గుర్రం ఉండదు, కారు ఉండదు. ఊరి మొదట్లో దిగిన పెళ్ళికొడుకును మల్లన్న తన బుల్లెట్టు మీద వెనక కూర్చోబెట్టుకుని, ముందు బ్యాండు మోగుతుండగా, పెళ్ళి ఇంటికి తీసుకొస్తాడు. ఆయన అల్లుళ్ళందరూ అలా వచ్చినవాళ్ళే. ఇప్పుడు మనవరాలు మౌనిక పెళ్ళి కుదిరింది.

సరిగ్గా అప్పుడే బండికి ఈ జబ్బు పట్టుకుంది. తెల్లారితే బ్యాటరీ ఖాళీ. ఊళ్ళో అందరి ముందూ ఒకసారి తోసుకుంటూ ఇంటికి తెచ్చుకోవాల్సి వచ్చింది. కొడుకు శీనుకు విసుగొచ్చింది. శీను చెడ్డవాడు కాదు, తండ్రి రోడ్డు మీద బండి తోస్తుంటే చూడలేకపోయాడు. షాపుకు వచ్చినప్పుడు నా ముందే తేల్చేశాడు.

"ఒక హోటలాయన అడుగుతున్నడు అన్నా. గోడకు తగిలిస్తడంట, వచ్చినోళ్ళు ఫోటోలు దిగుతరంట. ఎదురుకోలుల గిన మొరాయించిందనుకో, మర్నాడే ఇచ్చేస్త."

మల్లన్న పౌరుషానికి పోయి "సరె, ఇయ్యి" అనేశాడు. శీను వెళ్ళాక నా పక్కన కూర్చుని బండి వైపు చూశాడు.

"గోడకు తగిలిచ్చేది సచ్చినోళ్ళ ఫోటోలు గద జంగయ్యా. బతికున్న బండిని ఎట్ల తగిలిస్తరు?"

ఈ బండిని గోడకెక్కనివ్వనని ఆయనకు మాటిచ్చేశాను.

ఇచ్చాక తెలిసింది ఆ మాట బరువు. మీటర్ పెట్టాను. కరెంటు ఎక్కడా పోవడం లేదు. కొన్ని రోజులు షాపులోనే ఉంచుకున్నాను. రోజూ పొద్దున్నే మొదటి కిక్కుకే లేచి డుగ్గు డుగ్గుమంటూ నన్ను వెక్కిరించింది. ఇంటికి పంపాను. మర్నాడు మల్లన్న ఫోన్. "ఇగో, మళ్ళ సచ్చింది." కొత్త బ్యాటరీ వేసి పంపాను. చచ్చింది. వైరింగ్ మొత్తం విప్పి, అనుమానం వచ్చిన ప్రతి ముక్కా మార్చి పంపాను. అయినా చచ్చింది. నా షాపులో బతికి, వాళ్ళ ఇంట్లో చచ్చే బ్యాటరీని నేనెక్కడా చూడలేదు.

ఒక్క సంగతి మాత్రం కంటబడింది. సీటుకు కొత్త కవరు వేయించారు. "మంచిగున్నదే అన్నా" అన్నాను. ఎందుకు మార్చావని అడగలేదు.

మా తిప్పలు చూసి ఊరు ఊరుకుంటుందా? మల్లన్న పక్కింటి నర్సింహ నేరుగా షాపుకే వచ్చాడు.

"విమానాలు మా ఇండ్ల మీది నుంచే దిగుతున్నయ్ గద. పోతా పోతా బ్యాటరీల కరెంటు గుంజుకపోతున్నయ్. నువ్వు ఆడ పని చేసినోనివి, నీకు తెల్వదా?"

"మరి మీ ఫోన్లు ఎందుకు ఖాళీ అయితలేవు నర్సింహా?"

"ఫోన్లు ఇంట్ల ఉంటయ్. బండి బయట రేకుల కింద ఉంటది."

నిజం చెప్పాలంటే, ఆ సమయానికి నా దగ్గర ఉన్న ఏ లెక్కా నర్సింహ లెక్క కంటే మెరుగ్గా లేదు.

ఎదురుకోలు దగ్గర పడింది. అప్పుడు గుర్తొచ్చాడు సగం మీసం ఉస్తాద్. మల్లన్న బండి తెచ్చిన ప్రతిసారీ నేను కంగారులో మీటర్ తీశానే గానీ ఆయనతో కుదురుగా కూర్చుని చాయ్ తాగలేదు. సామాను డబ్బా షాపులోనే వదిలేసి, సాయంత్రం పూట వట్టి చేతులతో కొత్వాల్‌గూడ వెళ్ళాను.

రేకుల కింద

"అన్నా, రోజూ బండి ఎట్ల పెడతవో గట్లనే పెట్టు. నేను కూసుంట" అన్నాను. మల్లన్న ఊళ్ళో ఒక చుట్టు తిరిగొచ్చి, రేకుల కింద స్టాండు వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అంతేనా?"

"అంతే. ఇగేముంటది?"

ఆయన భార్య చంద్రమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. పెళ్ళి బట్టల ముచ్చట్లు, వంటవాళ్ళ ముచ్చట్లు చెప్పుకుంటున్నాం. చంద్రమ్మ ఇంట్లోకి వెళ్ళి నల్ల గొంగడి ఒకటి తెచ్చింది. బిడ్డకు కప్పినట్టు దాన్ని బండికి తల నుంచి తోక దాకా కప్పి, ఒక నైలాన్ తాడు తీసుకుని మీది నుంచి కిందికి, కింది నుంచి మీదికి చుట్టి, కాలితో తన్నిపట్టి, గట్టిగా ముడేసింది. ఆ ముడి చూస్తే ఎడ్లబండికి గడ్డి మోపు కట్టిన చెయ్యి అని తెలిసిపోతుంది.

రేకుల కింద అప్పటికే మసక. గొంగడికి వెనక వైపు పురుగు కొట్టిన చిల్లు ఉంది. ఆ చిల్లులో ఎర్రగా ఏదో వెలుగుతోంది.

నేను చాయ్ కింద పెట్టాను. "వదినె, గా ఎర్రగ కనబడేదేంది?"

"లైటు" అంది చంద్రమ్మ. నాకు కళ్ళు కనబడవేమోనని జాలిగా చూసింది కూడా.

"రోజూ ఉంటదా?"

"ఉండదా మరి? టీవీ డబ్బకు ఉండదా ఎర్రలైటు, గట్లనే. కరెంటు మంచిగున్నదని గుర్తు. అది సూసుకున్నంకనే నేను పోయి పండుకుంట."

"పొద్దుగాల కూడ ఉంటదా?"

"పొద్దుగాల ఎందుకుంటది? తెల్లారినంక లైటుతోని ఏం పని? వాకిలి ఊకేటప్పుడు నేనే గొంగడి తీస్త, అప్పటికి ఆరిపోయి ఉంటది."

మల్లన్న నోరు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాడు. "గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? బండికి రోగమొస్తె జంగయ్యను అడిగినవ్, నర్సింహను అడిగినవ్. నన్ను అడిగినవా?"

నాకు నవ్వు ఆగలేదు. లేచి వెళ్ళి గొంగడి అంచు ఎత్తి చూశాను. అమీటర్ ముల్లు కరెంటు పోయే వైపు వాలి ఉంది. తాడు బండి కింది నుంచి తిరిగి బ్రేకు పెడల్ మీదుగా పోయింది. గట్టిగా లాగి కట్టేసరికి పెడల్ కొద్దిగా అణిగింది. ఆ కొద్దికే వెనక బ్రేకు లైటు వెలుగుతోంది. ఆ పాత బండికి బ్రేకు లైటు వెలగడానికి తాళంచెవితో పని లేదు. రాత్రంతా గొంగడి కింద అది వెలుగుతూనే ఉండి, బ్యాటరీని తాగేసి, తెల్లవారుజామున ఆరిపోతోంది. ముడి విప్పాను, ముల్లు నిటారుగా నిలబడింది. కట్టాను, వాలింది. మళ్ళీ విప్పాను. అంత వయసొచ్చి నేనూ మల్లన్నా వంతులేసుకుని విప్పుతూ కడుతూ చాలాసేపు ఆడుకున్నాం.

గొంగడి ఎప్పటి నుంచో కప్పుతున్నదే. ముందు ఊరికే పైన వేసేది. మరి తాడు ఎందుకొచ్చింది?

"కోతులొచ్చినయ్ గద" అంది చంద్రమ్మ. "సీటు మొత్తం పీకి పెట్టినయ్. ఆయన పరేషాన్ అయిండు. అప్పటి సంది గట్టిగ కడుతున్న."

కొత్త సీటు కవరు. ఎందుకు మార్చావని ఒక్క మాట అడిగి ఉంటే కోతుల దగ్గరికి, తాడు దగ్గరికి, చంద్రమ్మ దగ్గరికి మొదటి రోజే వచ్చేవాణ్ణి. అందుకే పిల్లలకు చెప్తున్నాను. బండి నడిపేవాణ్ణి ఒక్కణ్ణే అడగకండి. దాన్ని తుడిచేవాళ్ళు, కడిగేవాళ్ళు, కప్పేవాళ్ళు ఎవరో కూడా అడగండి. వాళ్ళు చాలాసార్లు షాపుకు రారు. మనమే వెళ్ళాలి.

మర్నాడు సామాను తీసుకెళ్ళి, ప్రసాద్‌గారు దేవుడికి చేసినట్టే చేశాను. బ్రేకు లైటు వైరును తాళంచెవి గుండా తిప్పాను. ఇక చంద్రమ్మ ఎంత గట్టిగా కట్టుకున్నా ఫర్వాలేదు. ఆమె ముడిలో తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. అంత శ్రద్ధగా కట్టే చేతిని మార్చడం కంటే ఒక వైరు మార్చడం తేలిక.

ఆ సాయంత్రం ఆమె గొంగడి కప్పి, ముడి వేసి, చిల్లులోకి వంగి చూసింది. లోపల చీకటి. మొహం చిన్నబోయింది.

"ఇగ బండి మంచిగున్నదో లేదో నాకెట్ల తెలుస్తది?"

"పొద్దున లేస్తది కద వదినె, అప్పుడు తెలుస్తది" అన్నాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. మల్లన్న మాత్రం గోడకానుకుని ఆమెను చూస్తూ ఉండిపోయాడు.

ఎదురుకోలు

తెల్ల బట్టలు కట్టి, తలకు రుమాలు చుట్టి మల్లన్న బండెక్కాడు. వెనక పెళ్ళికొడుకు, సూటు నలుగుతుందేమోనని బిగుసుకుని కూర్చున్నాడు. శీను పక్కన కారు తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బ్యాండువాళ్ళు కూడా వాయించడం ఆపి చూస్తున్నారు. నేను అమీటర్ ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు.

మొదటి కిక్కు. దగ్గి ఆగింది.

మల్లన్న ట్యాంకును అరచేత్తో ఒకసారి నిమిరి, మళ్ళీ కొట్టాడు.

డుగ్గు. డుగ్గు. డుగ్గు డుగ్గు డుగ్గు.

బ్యాండు అందుకుంది. నర్సింహ అందరికంటే ముందు ఎగరడం మొదలుపెట్టాడు. శీను కారు తాళంచెవి జేబులో వేసుకుని నా చెవి దగ్గరికొచ్చి, "హోటలాయనకు వద్దని ఇప్పుడే ఫోన్ చేస్త అన్నా" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పాను.

ఊరేగింపు కదిలింది. బండి వెనక ఆడవాళ్ళు పాడుతూ నడుస్తున్నారు. పొద్దు వాలింది. కొంచెం దూరం వెళ్ళాం. ముందు దారి ఖాళీగా ఉంది, అయినా బండి వెనక ఎర్రలైటు వెలిగింది. ఆరింది. నాలుగు అడుగులు పోగానే మళ్ళీ వెలిగింది. నేను తిప్పిన వైరు ఎక్కడో తగులుతోంది, నా పనే చెడిందనుకుని పరుగెత్తి మల్లన్న పక్కకు చేరాను.

"అన్నా, లైటు దానంతట అదే వెలుగుతున్నది. జర ఆపు, చూస్త."

"దానంతట అది కాదు. నేనే బ్రేకు తొక్కుతున్న" అన్నాడు మల్లన్న, ముందుకే చూస్తూ.

"రోడ్డు ఖాళీగనే ఉంది కద?"

"ఎనక మీ వదినె నడుస్తున్నది."

తిరిగి చూశాను. చంద్రమ్మ అందరితో కలిసి పాడుతూ, ఆ ఎర్రలైటునే చూస్తూ నడుస్తోంది.